గుర్రాల పందేలను మలక్‌పేటకు రప్పించిన ఆరో నిజాం

మలక్‌పేట: చాదర్‌ఘాట్ దాటి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ వెళ్లే దారిలో ఒకే ప్రభువు జ్ఞాపకాలు రెండు నిలిచి ఉన్నాయి. మొదట్లో మలక్‌పేట రేస్‌కోర్సు, చివర్లో సరూర్‌నగర్ విక్టోరియా మెమోరియల్ హోం. ఒకటి విలాసానికి ఆనవాలు. రెండోది అనాథలకు నీడ. ఈ రెండింటికీ మూలపురుషుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. నగర ప్రజలు ఆయనను మహబూబ్ అలీ పాషా అని ప్రేమగా పిలుచుకున్నారు.

పసితనంలోనే పట్టాభిషేకం

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కన్నుమూయడంతో మూడేళ్లయినా నిండని బాలుడు సింహాసనానికి వారసుడయ్యాడు. దివాన్ మొదటి సాలార్‌జంగ్, పాయెగా ప్రభువు షంసుల్ ఉమ్రా ఆయన పేరిట రాజ్యభారం వహించారు. పార్శీ, ఉర్దూ, అరబీ విద్యలతో పాటు ఆంగ్ల విద్య కూడా నేర్పేందుకు కెప్టెన్ జాన్ క్లార్క్ అనే ఆంగ్లేయుడిని నియమించారు. గుర్రపు స్వారీ, తుపాకీ గురి చిన్ననాటి నుంచే ఆయనకు అభిమాన విద్యలయ్యాయి. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయ్ లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి ఆయనకు సంపూర్ణ పాలనాధికారాలు అప్పగించారు.

మౌలాలీ నుంచి మలక్‌పేటకు

హైదరాబాద్ రాజ్యంలో గుర్రపు పందేలు 1868లో మౌలాలీ వద్ద మొదలయ్యాయి. సికింద్రాబాద్ దండులోని బ్రిటిష్ అధికారులకు అవి ప్రధాన వినోదం. అశ్వప్రియుడైన యువ నిజాం 1886లో వాటిని మలక్‌పేటకు తరలించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. తన నివాసాల్లో ఒకటైన మహబూబ్ మాన్షన్‌కు ఈ మైదానం చేరువలో ఉండటమే ఇందుకు కారణం. ఆ పరిసరాల్లోని గుట్టపై పాయెగా ప్రభువు ఆస్మాన్ జా 1885లో ఆస్మాన్‌గఢ్ ప్రాసాదాన్ని నిర్మించారు. ఆ విధంగా నగరానికి తూర్పున ఉన్న ఈ ప్రాంతం ప్రభువుల విహారస్థలంగా రూపుదిద్దుకుంది. ఆ రోజుల్లో దేశంలోని పందేలకు అరబ్బీ గుర్రాలు బొంబాయి రేవు మీదుగా వచ్చేవి. ఆస్ట్రేలియా నుంచి దిగుమతైన వేలర్ గుర్రాలకు కూడా గిరాకీ ఉండేది.

గులాబీ నీటి నుంచి జూలెప్ దాకా

గుర్రపు పందెం ఎక్కడ జరిగినా పానీయం దానికి తోడుగా ఉంటూ వచ్చింది. అమెరికాలో 1875లో మొదలైన కెంటకీ డెర్బీకి మింట్ జూలెప్ గుర్తింపు పానీయం. బోర్బన్ విస్కీ, పుదీనా, చక్కెర, దంచిన మంచుగడ్డల మిశ్రమమిది. జూలెప్ అన్న మాటకు మూలం పార్శీ గులాబ్, అంటే గులాబీ నీరు. అది అరబీలో జులాబ్ అయి, ఐరోపా భాషల్లో జూలెప్‌గా మారింది. ఆసఫ్‌జాహీల నగరంలో అదే గులాబీ షర్బత్‌గా అతిథుల చేతికి అందింది. ఇక దండులోని దొరలకు సోడా కలిపిన విస్కీ, బ్రాందీ నిత్యకృత్యం. వారు సేవించిన పంచ్ అనే మిశ్రమానికి మన ‘పాంచ్’ నుంచే పేరు వచ్చిందని చెబుతారు. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధ ద్రవ్యాలు అందులోని ఐదు పాళ్లు.

భోగం, భారం

మహబూబ్ అలీఖాన్ భోగప్రియత్వం కథలు కథలుగా నిలిచింది. ధరించిన దుస్తులను మళ్లీ ధరించేవారు కాదని ప్రతీతి. బర్మా టేకుతో చేయించిన ఆయన దుస్తుల బీరువాల వరుస పురానీ హవేలీలో సందర్శకులను ఆశ్చర్యపరుస్తుంది. 1891లో జాకబ్ వజ్రం బేరం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లి ఆయనకు చికాకు తెచ్చింది. ఆయన మద్యపానాసక్తి కూడా చరిత్రకారుల దృష్టిని దాటిపోలేదు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్రాసాదంలో ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి వయస్సు 45 ఏళ్లు మాత్రమే. మక్కా మసీదు ప్రాంగణంలో ఆయనను ఖననం చేశారు.

ప్రజల మనసులో చోటు

ఇంతటి విలాసపురుషుణ్ని ప్రజలు ఎందుకు ప్రేమించారన్న ప్రశ్నకు ఆయన కష్టకాలంలో ప్రవర్తించిన తీరే సమాధానం. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలాది మందిని బలిగొన్నప్పుడు ఆయన తన ప్రాసాదాల తలుపులు నిరాశ్రయులకు తెరిపించారు. అన్నవస్త్రాలు అందే ఏర్పాట్లు చేయించారు. పాము కాటు తగిలినవారు ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందన్న నమ్మకం కూడా జనంలో ప్రబలింది. ఇక సరూర్‌నగర్‌లో తన కోసం తలపెట్టిన ప్రాసాదం అనాథ బాలల ఆశ్రయంగా మారింది. 1901లో మరణించిన విక్టోరియా రాణి స్మృత్యర్థం దానికి ఆ పేరు పెట్టారు. ఎందరో దిక్కులేని పిల్లలు అక్కడే అక్షరాలు దిద్దుకున్నారు.

నేటికీ ఆగని పరుగు

నిజాం మరణానంతరం పందేలు మలక్‌పేటను వీడాయి. 1960 దశకంలో హైదరాబాద్ రేస్ క్లబ్ ఆధ్వర్యంలో తిరిగి ఇక్కడికే చేరాయి. మహబూబ్ మాన్షన్ వైభవం మాత్రం మిగలలేదు. ఆ పేరు వినగానే నగరవాసులకు స్ఫురించేది ఉల్లి, మిర్చి బస్తాల మార్కెట్ యార్డు. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఎల్బీనగర్ మెట్రో మార్గంలో మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు ఒకే వరుసలో వస్తాయి.

వానాకాలపు పందేల్లో ప్రతిష్ఠాత్మకమైన దక్కన్ డెర్బీని అక్టోబరు 2న నిర్వహించడం ఆనవాయితీ. ఆ రోజు గాంధీ జయంతి కావడంతో మద్యం అమ్మకాలపై నిషేధం ఉంటుంది. ఒకనాడు ప్రభువుల పానగోష్ఠులకు తోడైన పందెం, ఏడాదిలోని పెద్ద పండుగ నాడు మద్యం లేకుండానే సాగుతోంది. అయినా జనం రాక తగ్గలేదు. గుర్రం పరుగు చూడటంలోని ఆనందమే వారిని మైదానానికి రప్పిస్తోంది.