సువర్ణౌషధ ప్రదాత యల్లాప్రగడ సుబ్బారావు

వర్షకాలం వచ్చిందంటే ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచులకు పోయే దారి పొడవునా జ్వరాల కాలం కూడా వచ్చినట్లే. ఆ పల్లెల నుండి వచ్చి చదువుకొనే విద్యార్థులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మలేరియా అందరూ ఎరిగినదే. పొదలలో ఉండే నల్లి జాతి సూక్ష్మమైన పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్ మరొకటి. ఈ రెండవ జ్వరానికి నేడు వైద్యులు ఇచ్చే డాక్సీసైక్లిన్ అనే మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొట్టమొదటి ఔషధం వెలువడిన పరిశోధనాలయానికి నాయకత్వం వహించినవాడు గోదావరి మండలంలో పుట్టిన ఒక తెలుగువాడని మనలో ఎందరికి తెలుసు? ఆ మహనీయుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన బాల్యం సుఖంగా గడవలేదు. తండ్రి అకాలంగా మరణించారు. కుటుంబం ఇక్కట్ల పాలయింది. రాజమండ్రిలో ప్రారంభమైన చదువు అనేక ఆటంకాలకు లోనై, చివరకు మద్రాసు హిందూ హైస్కూలులో మూడవ ప్రయత్నంలో ఆయన మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. అనంతరం ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జీర్ణవ్యాధి కొద్దిరోజుల తేడాతో బలిగొన్నది. తానూ అదే వ్యాధికి గురై, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. కండ్లముందే తోబుట్టువులను పోగొట్టుకొన్న ఆ దుఃఖమే ఆయన జీవితగమ్యాన్ని నిర్ణయించిందని చెప్పవచ్చు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపును మన్నించి ఆయన ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్సా విభాగపు ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. వ్రాత పరీక్షలలో రాణించినప్పటికీ సుబ్బారావు గారికి ఎం.బి.బి.యస్. పట్టం దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపి, మామగారి ఆర్థిక సహాయంతోను, కాకినాడకు చెందిన ఒక ధర్మసంస్థ తోడ్పాటుతోను అమెరికా చేరుకొన్నారు. తిరిగి స్వదేశాన్ని గాని, భార్యను గాని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

బోస్టను నగరంలో ఆసుపత్రిలో రాత్రి కొలువు చేసుకుంటూ హార్వర్డులో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దానిని నేటికీ నేర్చుకొంటున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను వెలికితీసిన కృషి కూడా ఆ కాలపుదే. ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. తన సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది దివ్యౌషధమైంది. గోదావరి డెల్టాను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ కూడా ఆ బృందపు ఫలితమే. కొద్ది మార్పులతో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన పదార్థాలను తయారుచేసి ఇవ్వగా, వాటితో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగా అదుపు చేయగలిగారు.

పెనిసిలిన్ లొంగదీయలేని క్రిములు ఎన్నో ఉన్నవని గ్రహించి, సుబ్బారావు గారు మట్టిలోని సూక్ష్మజీవుల వేటను ప్రోత్సహించారు. డెబ్బై ఏండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త పలుచోట్ల నుండి తెచ్చిన మట్టిని పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుండి లభించిన మందే ఆరియోమైసిన్. నోటి ద్వారా తీసుకొనదగిన ఈ మందు అనేక రకాల బాక్టీరియాలను, టైఫస్ జాతి క్రిములను సైతం అణచివేసింది. 1948లో అది లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. ఆయన వయస్సు అప్పటికి 53 సంవత్సరాలు. కీర్తి సహచరులకు చెందాలని తలచి తాను వెనుకనే నిలిచినందున లోకం ఆయన పేరును ఎక్కువగా వినలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన స్మారకంగా ఒక బిళ్ళ విడుదల చేసింది.

ఆయన గతించిన తరువాత ఈ వేట ఆగలేదు. మలేరియా మందైన క్లోరోక్విన్ తయారీలో మిగిలిన ఒక ఉపపదార్థం నుండి 1962లో జార్జి లెషర్ బృందం నాలిడిక్సిక్ ఆమ్లాన్ని కనుగొన్నది. క్వినొలోన్ కుటుంబానికి అదే మూలపురుషుడు. దానికి ఫ్లోరిన్ పరమాణువును జోడించగా నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి బలమైన కొత్త క్వినొలోన్లు పుట్టాయి. టెట్రాసైక్లిన్లు క్రిమి మాంసకృత్తులను తయారు చేసుకోకుండా అడ్డుకొంటే, ఇవి దాని డి.ఎన్.ఏ. పనిని చెడగొట్టి చంపుతవి.

కాని ఈ సంపదను మనమేమి చేస్తున్నాము? జలుబుకు సైతం వైద్యుని అడగకుండా మాత్రలు కొంటున్నాము. రెండు రోజులకు తగ్గగానే మానివేస్తున్నాము. పటాన్‌చెరు సమీపంలోని వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అందుకే ఒకనాడు టైఫాయిడ్‌కు అమోఘంగా పనిచేసిన ఆ మందుకు నేడు మన దేశంలో పెక్కు టైఫాయిడ్ క్రిములు లొంగడంలేదు. ఒక తరం శ్రమించి సంపాదించినది మరొక తరం అజాగ్రత్తతో పోగొట్టడమంటే ఇదే.

విద్యార్థులారా! మూడు పర్యాయాలకు గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కనివాడు, కోరిన పట్టం చేతికందనివాడు లోకానికి ఇన్ని మందులు ఇచ్చాడు. పరీక్షలో తప్పినవారు ఆ మాట గుర్తుంచుకొందురు గాక. ఆయన ఋణం తీర్చుకొనడానికి శిలావిగ్రహాలు అక్కరలేదు. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని రోజులు వాడడం, చెప్పని మందును ముట్టకపోవడం, ఈ మాటను సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ పల్లెలో నలుగురికి చెప్పడం చాలును.