ఆచార్య సేబిన్

కొండాపురము వంటి పల్లెలలో పంట యమ్ముడుపోయి ధాన్యపు బస్తాలు తరలిపోయిన పిదప, ఆ ఖాళీ గదిలో మాటలాడిన వారికొక సంగతి తెలిసియే యుండును. బస్తాలున్నంతకాలము మామూలుగా వినబడిన మాట, గది ఖాళీ కాగానే ఖంగున మ్రోగి, కొంతసేపు నిలిచి, మెల్లగా నణగిపోవును. గోడలకు తగిలి మరల మరల తిరిగివచ్చుచు ధ్వని యిట్లు నిలుచుటనే ప్రతినాదమందురు. బస్తాలు ధ్వనిని పీల్చుకొనును, వట్టి గోడలు అంతగా పీల్చుకొనవు. ఇంతవరకు ఎవరైనను చెప్పగలరు. కాని యే వస్తువు ఎంత పీల్చుకొనునో కొలిచి, దానినొక సూత్రముగా నిలిపినవాడు వాలెస్ క్లెమెంట్ సేబిన్.

సేబిన్ 1868వ సంవత్సరము జూన్ 13వ తేదీన అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున, రిచ్‌వుడ్ అను చిన్న యూరిలో జన్మించెను. పదునెనిమిదవ యేటనే ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, 1888లో ఎం.ఏ. పట్టము పొంది, అక్కడనే భౌతికశాస్త్రమును బోధింపసాగెను. డాక్టరు పట్టము సంపాదింపవలెనను తాపత్రయ మాయనకు లేకుండెను.

1895లో హార్వర్డునందు ఫాగ్ కళాప్రదర్శనశాల నూతనముగా తెరువబడెను. అందలి ఉపన్యాసమందిరము చూచుటకు ముచ్చటయే గాని వినుటకు పనికిరాలేదు. పలికిన మాట అయిదున్నర సెకండ్లు మ్రోగుచుండెను. ఆలోగా ఉపన్యాసకుడు మరి పది మాటలు పలుకును. అవన్నియు నొకదానిపై నొకటి పడి, ఏదియు తెలియకుండెను. దీనిని చక్కజేయుమని విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ యువకుడైన సేబిన్‌ను కోరెను.

పగలు వీథులలో చప్పుడు. అందుచేత సేబిన్ అర్ధరాత్రి దాటిన పిమ్మట పని ప్రారంభించి, తెల్లవారుజాము వరకు సాగించెడివాడు. సాండర్సు నాటకశాల కుర్చీలపై నుండు మెత్తలను సహాయకులతో కూడ మోయించి తెచ్చి, ఫాగ్ మందిరములో పరచును. ఆర్గన్ వాద్యపు గొట్టమునొకదానిని మ్రోగించి ఆపివేయును. అది మొదలు నాదము చెవికి వినబడనంతగా తగ్గువరకు పట్టు కాలమును యంత్రముపై గుర్తించును. మరికొన్ని మెత్తలు చేర్చి మరల కొలుచును. తెల్లవారక మునుపే మెత్తలను తిరిగి నాటకశాలకు చేర్చవలెను! ఇంత పనికి ఆయన నమ్ముకొన్న ముఖ్యసాధనము తన చెవియే.

ఒక దశలో కొలతలు పొసగలేదు. వస్తువులు అవే, గది అదే, అయినను కాలము స్వల్పముగా మారుచుండెను. కారణమును వెదకగా అది యాయన వంటిమీదనే కనబడెను. ఒకనాడు తొడిగిన కోటు దళసరిది, మరొకనాటిది పలుచనిది. ఆ దుస్తులును ధ్వనిని పీల్చుచుండెను. ఈ తేడా మరెవ్వరికిని కనబడదు. దానిని దాచినను అడుగువారు లేరు. కాని సేబిన్ అంతవరకు వ్రాసికొన్న మూడువేలకు పైబడిన కొలతలను పారవేసి, మరల మొదటినుండి ప్రారంభించెను. అది మొదలు ప్రతిరాత్రియు చలికాలపు నీలిరంగు కోటు మొదలు బూట్ల వరకు ఒకే విధమైన దుస్తులు ధరించి కొలిచెడివాడు.

కొలతకొక ప్రమాణము కావలెను గదా! తెరచిన కిటికీనుండి బయటకు పోయిన ధ్వని తిరిగిరాదు. కావున తెరచియున్న కిటికీ యొక్క వైశాల్యమునే ఆయన ప్రమాణముగా గ్రహించెను. ఒక మెత్త యెంత కిటికీకి సమానము, ఒక మనిషి యెంత కిటికీకి సమానము అని లెక్క కట్టెను. ఈ యూహ నాకెంతయు నచ్చినది.

1898లో బోస్టను నగరమున నిర్మింపదలచిన సంగీతమందిరమునకు ఆయన సలహా కావలసివచ్చెను. చేతిలో కొలతలు కుప్పలుగా నున్నవి గాని సూత్రము లేదు. అక్టోబరు 29వ తేదీన ఆ యంకెలను చూచుచుండగా అవి యతిపరావలయమను వక్రరేఖపై నిలుచుట తోచెను. వెంటనే తల్లికి కేకవేసి చెప్పెనందురు. గదిలోని మొత్తము శోషణము రెట్టింపైనచో ప్రతినాదకాలము సగమగును, గది ఘనపరిమాణము రెట్టింపైనచో కాలమును రెట్టింపగును. ఇదియే ఆ సూత్రము. దాని సాయమున నిర్మింపబడిన బోస్టను సింఫనీ హాలు 1900 అక్టోబరు 15వ తేదీన తెరువబడెను. మొదట కొందరు విమర్శకులు పెదవి విరిచిరి. నేడది ప్రపంచములోని ఉత్తమ సంగీతశాలలలో నొకటిగా పేరొందినది.

మొదటి ప్రపంచయుద్ధకాలమున సేబిన్ ఆరోగ్యమును లెక్కింపక దేశసేవ చేసెను. ఇల్లినాయి రాష్ట్రమున జెనీవా యూరిలో ఆయన కొరకే కట్టబడిన రివర్‌బ్యాంకు ప్రతినాదశాలలో పనిచేయు భాగ్యము ఆయనకు దక్కలేదు. 1919 జనవరి 10న, ఏబదియవ యేట మరణించెను. ధ్వనిశోషణమును కొలుచు ప్రమాణమునకు సేబిన్ అను పేరే నిలిచినది.

రేడియో తరంగములకును ఇట్టి గదిని ఉపయోగింపవచ్చునని 1968లో హెచ్. ఎ. మెండెస్ సూచించెను. దాని గోడలన్నియు లోహపువి. తరంగములు కొన్నిచోట్ల గుమిగూడి, కొన్నిచోట్ల లేకుండ పోవును గనుక, వానిని కలియబెట్టుటకు లోపల పెద్ద లోహపురెక్క తిరుగుచుండును. తరంగములను పంపి ఆపినచో, అవి సెకండులో పదిలక్షలవ వంతులలో నణగిపోవును. ఒక వస్తువు నుంచినచో ఇంకను త్వరగా నణగును. ఆ తేడానుబట్టి, విమానపు కుర్చీ యైనను, అందు కూర్చుండు మనిషి యైనను, ఎంత పీల్చునో లెక్కింతురు. ఇక్కడ చెవితో పనిలేదు. కొలుచువాడు తలుపు మూసి బయటనే యుండును. లోపల నున్నచో ఆయన దేహమును తరంగములను పీల్చుకొనును.