విద్యామంత్రియైన చరిత్రకారుడు – పాస్క్వాలే విల్లారి

దేశమునకు శత్రువు సరిహద్దున కావలనే యుండునని పలువురు తలంతురు. చదువులేమి యను శత్రువు ఇంటనే యున్నదని చాటిన యొక మహనీయుని జీవితమును మేమిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

పాస్క్వాలే విల్లారి 1827వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన నేపుల్సు నగరమున జన్మించెను. అప్పటికి ఇటలీ పలు రాజ్యములుగా చీలియుండెను. నేపుల్సును బూర్బను వంశపు రాజులు ఏలుచుండిరి. విల్లారి ఫ్రాంచెస్కో దె శాంక్తిస్ అను పండితునొద్ద భాషాసాహిత్యముల నభ్యసించెను. 1848 మే 15న ప్రజలు రాజుపై తిరుగబడగా, సైనికులు వారి నణచివేసిరి. విల్లారికి సహాధ్యాయియు ప్రియమిత్రుడును అగు లూయిజీ లా విస్తా ఆనాడే, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, ప్రాణములు కోల్పోయెను. పిమ్మట విల్లారి జన్మస్థలమును వీడి ఫ్లోరెన్సు చేరెను.

అచ్చట పాఠములు చెప్పి జీవించుచు, గ్రంథాలయములలోని ప్రాచీనపత్రములను శోధించెను. 1498లో ఆ నగరముననే మరణదండన పొందిన సవొనరోలా యను సన్యాసి జీవితచరిత్రను 1859, 1861 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువరించెను. 1859లో పిసా విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యు డయ్యెను. అటుపిమ్మట రాజనీతివేత్తయగు మాకియవెల్లి చరిత్రను గూడ రచించెను. ఆంగ్లవనితయగు ఆయన సతి లిండా వైట్ ఈ గ్రంథములను తన భాషలోనికి అనువదించెను.

1866లో ఆస్ట్రియాతో జరిగిన యుద్ధమున ఇటలీసేన నేలపైనను, కడలిపైనను ఓడెను. జనులు సేనానులను నిందించిరి. విల్లారి మాత్రము, 1 కోటి 70 లక్షలమంది నిరక్షరాస్యులున్న దేశమున తప్పు అందఱిదియు నని వ్రాసెను. అయినను, ఆకలిగొన్న వానికి అక్షరము నేర్పినంత మాత్రమున చాలదనియు, వాని బ్రతుకు మారవలెననియు 1872లో వాదించెను. 1875లో దక్షిణప్రాంతమును గూర్చి లేఖలు ప్రకటించి, నేపుల్సు పేదల చీకటికొంపల దుఃస్థితిని దేశమునకు ఎఱిగించెను. 1891–92లో విద్యామంత్రిగా పనిచేసెను.

మన పాఠకులు ముఖ్యముగా గమనింపదగిన దొకటి కలదు. దేశాంతరములందలి ఇటాలియనులు తమ భాషను మఱవకుండుటకై 1889లో డాంటే అలిగియేరి సంఘము ఏర్పడెను. 1896 మొదలు 1903 వఱకు విల్లారియే దాని అధ్యక్షుడు. ఇల్లు విడిచి పోయినవాడు భాషను గూడ విడువ నక్కఱలేదని ఆ సంఘము పాఠశాలల మూలమునను, పుస్తకముల మూలమునను నిరూపింప యత్నించెను.

1917 డిసెంబరులో, తొంబదియేండ్ల వయస్సున, విల్లారి ఫ్లోరెన్సున కన్నుమూసెను. ఇతర భాషల నడుమ తెలుగు చదువుకొనుచున్న మన బాలబాలికలును, వారి తలిదండ్రులును ఆయన కృషిని తమదిగా గుర్తింతురని మేము నమ్ముచున్నాము.