బృహత్కథాకర్త గుణాఢ్యుడు

కథ వినునపుడు బాలురు మాటిమాటికి నడుగు ప్రశ్న యొక్కటియే: తరువాత నేమయ్యెను? తుదకు రాకుమారుడు రాజ్యము బడయగా విన్నవారి ముఖములు వికసించును. ఆ రాజ్యములో వారికి సెంటు భూమియైనను దక్కదు గదా! ఈ సంతోషమునకు కారణ మరయగోరు మాకు గుణాఢ్యుని చరిత్రము చక్కని దారి చూపినది.

పురాణములు ఆంధ్రులని పేర్కొన్న శాతవాహనులకు గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానము రాజధాని. నేడది మహారాష్ట్రములోని పైఠాను. మన జహీరాబాదు సీమలో గురిసిన వాననీరు మంజీరలో గలిసి తుదకు జేరునదియు నా గోదావరినే. ఆ రాజాస్థానమున గుణాఢ్యుడు పండితుడై యుండెనని 11వ శతాబ్దపు కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరమున జెప్పియున్నాడు. ఆ కథ యిది.

గుణాఢ్యుడు పూర్వము శివుని గణములలో మాల్యవంతుడు. పార్వతి శాపముచే మనుజుడై పుట్టెను. శివుడు చెప్పిన దివ్యకథలు లోకమున వ్యాపించిననాడు గాని యాతనికి శాపము తీరదు.

ఒకనాడు జలక్రీడలో రాణి తనపై నీళ్లు చల్లవలదని సంస్కృతమున బలికెను. రాజు దానిని అపార్థము చేసికొని మోదకములు దెప్పించెను. రాణి నవ్వెను. రాజు సిగ్గుపడి వ్యాకరణము నేర్వనెంచెను. గుణాఢ్యుడు ఆరేండ్లలో నేర్పుదుననెను. శర్వవర్మ యారు మాసములు చాలుననెను. అట్లు జరిగినచో సంస్కృతము, ప్రాకృతము, దేశభాష మూడింటిని విడుతునని గుణాఢ్యుడు పంతము పట్టెను. శర్వవర్మ గెలిచెను. గుణాఢ్యుడు మాట దప్పక మౌనియై వింధ్యారణ్యమునకు బోయి, పైశాచీభాషను నేర్చి, కాణభూతి చెప్పిన కథలను ఏడేండ్లలో 7 లక్షల శ్లోకములుగా రచించెను. సిరా లేక తన నెత్తుటితోనే వ్రాసెనట.

శిష్యులు గ్రంథమును గొనిపోగా, పిశాచభాషయనియు నెత్తుటివ్రాతయనియు రాజు తిరస్కరించెను. గుణాఢ్యుడు కుమిలి, కొండపై నగ్నిగుండ మేర్పరచి, ఒక్కొక్క పత్రమును జదివి నిప్పులో వేయుచుండెను. అడవిమృగములు మేత మాని, చుట్టును నిలిచి, కన్నీరు గార్చుచు వినుచుండెను. అవి చిక్కిపోగా రాజునకు బెట్టు మాంసము సారహీనమై యాతడు రోగియయ్యెను. వేటగాండ్రవలన గారణము దెలిసి రాజు పరుగున వచ్చునప్పటికి 6 లక్షల శ్లోకములు బూడిదయై యుండెను. శిష్యులు మెచ్చినదని దాచిన నరవాహనదత్తుని కథ, 1 లక్ష మాత్రము మిగిలెను. దానిని రాజునకిచ్చి గుణాఢ్యుడు దేహము విడిచి శాపముక్తుడయ్యెను.

ఇందు మనము గ్రహింపవలసినది యేమి? కథ వినువాడు కథానాయకునితో గూడ చిక్కులలో బడును. ఆతని యాకలి తన యాకలియగును. ముడి విడినపుడు ఇరువురును గూడ విడుదల బొందుదురు. ఆ విడుదలయే యానందము. పూర్వులు కథాంతమును శాపాంతముతో ముడిపెట్టుటలోని మర్మ మిదియే యని మాకు దోచుచున్నది. కష్టము లేనిచోట విడుదలయు లేదు. మొదటనే సుఖము గలిగిన రాకుమారుని కథ యెవ్వరు విందురు?

మఱియొక కారణము గలదు. లోకమున బోయినదంతయు దిరిగి రాదు. రాజు పశ్చాత్తాపపడినను కాలిన యారు లక్షలు రాలేదు. అద్భుతకథలోనో, కోల్పోయినది చేకూరును, మంచికి మంచి జరుగును. లోకమిట్లుండిన బాగుండునని మన మనస్సు కోరునది అచ్చట గన్నులయెదుట నెరవేరును.

గుణాఢ్యుని పైశాచీగ్రంథము నేడు లభింపదు. క్షేమేంద్రుడు, సోమదేవుడు మొదలగువారి సంస్కృత గ్రంథములలో దాని కథలు నిలిచినవి. మన పిల్లలెరిగిన భేతాళకథలును ఆ రెండు గ్రంథములలో గలవు.

విద్యార్థులారా! మీ యవ్వ కథ చెప్పునపుడు నడుమ లేచిపోకుడు. తుదివరకు విని, ఆమె మాటలలోనే వ్రాసియుంచుడు. నిప్పు లేకున్నను, వినువారు లేని కథ బూడిదయే యగును.