పంపు సంఘము: బిషప్ అజరయ్యగారి జీవితము



అంతియొకయ సంఘమునకు రెండు ఘనతలు కలవు. శిష్యులకు క్రైస్తవులను పేరు అచ్చటనే కలిగెను. బర్నబాను, సౌలును అన్యజనులయొద్దకు పంపినదియు ఆ సంఘమే. పేరును పనియు విడదీయరానివి. మన తెలుగుదేశమున ఈ సత్యమును బ్రదికి చూపిన దైవజనుని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశములోని తిరునల్వేలి సీమలో, వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి గ్రామ సంఘపు గురువు. అజరయ్యగారు 1895 మొదలు వై.యం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిరి. 1902లో సింహళ ద్వీపమునకు వెళ్లినప్పుడు, జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనముతో సముద్రమునకు ఈవలి ఒడ్డునకు పనివారిని పంపుచున్నారని తెలిసికొనిరి. తిరునల్వేలిలో వేలకొలది విశ్వాసులుండియు, పొందిన సువార్తను పంపుట లేదే యని ఆయన హృదయము నొచ్చెను. 1903లో తిరునల్వేలి భారత మిషనెరీ సంఘము స్థాపింపబడెను. ధనమును, పనివారును, నడుపువారును ఈ దేశమువారే కావలెనని దాని నియమము.

ఆ సంఘము నిజాము రాష్ట్రములోని దోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనెను. ఇతరులను పంపి తాము ఇంట నుండుట అజరయ్యగారికి సమ్మతము కాలేదు. 1909లో గురుపట్టము పొంది, తామే దోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకొని పల్లెలు తిరిగిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన మందలో అధికులు మాలలు, మాదిగలు. చేతిలో సెంటు భూమియైనను లేని కూలివారు. వీరు ముందు చదువు నేర్వనిమ్ము, కడుపునిండ తిననిమ్ము, పిమ్మట సువార్త చెప్పవచ్చునని ఆయన తలంచలేదు. బాప్తిస్మము పొందిన దినముననే ప్రతివాడును తన చెయ్యి తన తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమయని ఒప్పుకొనవలెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయము 16వ వచనమే దానికి ఆధారము.

మాట చాలదు, బ్రదుకు మారవలెనని ఆయన బోధ. త్రాగుడును, అప్పును, సంఘములోనికి చొచ్చిన కులభేదమును ఎదిరించిరి. మారిన కూలివాని బ్రదుకును చూచి, 1930 తరువాతి యేండ్లలో రైతు కులములవారు అనేకులు క్రీస్తు నొద్దకు వచ్చిరి. ఆసామికి పాలేరు సాక్షి యాయెను!

1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు, దోర్నకల్ మహా దేవాలయము ప్రతిష్ఠింపబడెను. దూరదేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును చేరిన జ్ఞాపకదినమది. 1945 జనవరి 1న అజరయ్యగారు దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. సంఘముల ఐక్యతకై ఆయన పడిన ప్రయాస 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించెను.

మేము సేవించు గ్రామములలో, మా సంఘము చిన్నది, మాకే సహాయము కావలెను అను మాట తరచు విందుము. దోర్నకల్ కూలివారి యెదుట ఆ మాట నిలుచునా? మన సంఘ పుస్తకములో ఎన్ని పేర్లున్నవో లెక్కించుచున్నాము. మన మూలముగా సువార్త విన్న ఇండ్లెన్ని? తనకొరకే కూడు సంఘము పేరును నిలుపుకొనును గాని పనిని విడిచినది. ఈ నెల ప్రతి కుటుంబమును పొరుగున ఒక యింటికొరకు ప్రార్థించి, ఆ గడప త్రొక్కవలెనని మా మనవి. ప్రభువు మనలను పంపును గాక. ఆమేన్.