మేఘం పాట వెనుక ఇద్దరు: సాలూరి రాజేశ్వరరావు, బి.ఎన్. రెడ్డి



తిరువూరులో పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు మ్యూజిక్ పీరియడ్ తీసేసి ఆ టైమ్‌లో మ్యాథ్స్ చెప్పించమని అడుగుతారు. అడగడంలో తప్పులేదు, ఫీజు కట్టేది మీరు. కానీ ఈ నెల ఒక పిల్లవాడి కథ చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆయన పాటలు కచ్చితంగా వచ్చి ఉంటాయి.

సాలూరి రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కచేరీలకు వాయించినవారు. ఇంట్లో లయ వింటూ పెరిగిన పిల్లవాడు చిన్నతనంలోనే గ్రామఫోన్ రికార్డులు ఇచ్చాడు. 1935లో 'శ్రీకృష్ణలీలలు' సినిమాలో కృష్ణుడుగా నటించి, తన పాటలు తానే పాడుకున్నాడు. అప్పటికి మన ఏడో తరగతి పిల్లల వయసు. ఆ తర్వాత కలకత్తా వెళ్లి, అక్కడి న్యూ థియేటర్స్ సంగీతాన్ని దగ్గరగా విన్నాడు. సైగల్, పంకజ్ మల్లిక్ వెలుగుతున్న రోజులవి. శాస్త్రీయ సంగీతం ఇంట్లో అబ్బితే, మైకు ముందు మెత్తగా పాడే పద్ధతి అక్కడ పట్టుబడింది. మద్రాసు తిరిగొచ్చి సంగీత దర్శకుడయ్యారు. రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడిన లలితగీతాల రికార్డులు ఇంటింటా మోగాయి. జెమినీ స్టూడియోలో చేరి 1948లో 'చంద్రలేఖ'కు సంగీతం చేశారు. పెద్ద పెద్ద ఢంకాల మీద నాట్యమాడే సీను అందులోదే.

ఇక రెండో మనిషి. బి.ఎన్. రెడ్డి గారిది కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లి. వాహినీ పేరుతో సొంత సంస్థ పెట్టి, తనకు నచ్చిన కథే తీశారు. 1939 నుంచి 1969 వరకు ముప్పై ఏళ్లలో డైరెక్ట్ చేసినవి పదకొండు సినిమాలే. ఏడాదికి మూడు తీసేవాళ్లున్న ఊళ్లో ఇది వ్యాపారం తెలిసిన లెక్క కాదు. ఆయన లెక్క వేరు.

ఈ ఇద్దరూ 'మల్లీశ్వరి' దగ్గర కలిశారు. పాటలూ మాటలూ రాయడానికి రెడ్డి గారు దేవులపల్లి కృష్ణశాస్త్రిని తెచ్చారు. అంతవరకు కృష్ణశాస్త్రి సినిమాకు రాయలేదు. సినిమాకు రాయని కవినీ, స్టూడియోలో ఆరితేరిన సంగీత దర్శకుడినీ ఒకచోట కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా ఉండటమే రెడ్డి గారు చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం. సంగీతానికే ఆరు నెలలు పట్టిందని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. వాద్యబృందం పనిలో అద్దేపల్లి రామారావు తోడున్నారు. ఘంటసాల, భానుమతి పాడారు.

కథ మీకు తెలిసే ఉంటుంది. మల్లి, నాగరాజు బావామరదళ్లు. సంత నుంచి ఎడ్లబండి మీద పరుగులు తీయిస్తూ పాడుకుంటూ వస్తారు, గాలివానకు ఒక మండపంలో ఆగుతారు. అక్కడ మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయల ముందు మల్లి ఆడి పాడుతుంది. నాగరాజు సరదాకి, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. డబ్బుకు ఆశపడి తల్లి పంపేస్తుంది. ఆ తర్వాత విడిపోయిన ఇద్దరూ మేఘంతో కబురు పంపుకునే పాట ఉంది. కాళిదాసు మేఘసందేశం చదివినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ అందుతుంది, చదవనివాళ్లకూ గుండె పట్టేస్తుంది. బండి పాటలో పల్లె హుషారు, అంతఃపురంలో 'ఉషాపరిణయం' యక్షగానం, మేఘం పాటలో దిగులు... మూడు పాటలు, మూడు లోకాలు. అన్నీ ఒకే మనిషి చేసినవి. ఏ పాటైనా తీసేసి చూడండి, కథలో గుంట పడుతుంది.

సినిమా 1951 డిసెంబరులో విడుదలైంది. చైనీస్ సబ్‌టైటిళ్లతో చైనాలో కూడా ప్రదర్శించారు.

తర్వాత విచిత్రం ఏమిటంటే, ఇంత గొప్పగా కుదిరిన జంట వెంటనే మళ్లీ పని చేయలేదు. 'బంగారుపాప' అద్దేపల్లికి, 'భాగ్యరేఖ' పెండ్యాలకు, 'రాజమకుటం' మాస్టర్ వేణుకు వెళ్లాయి. ఈలోగా రాజేశ్వరరావు వేరేవాళ్లకు 'విప్రనారాయణ', 'మిస్సమ్మ' చేశారు. పన్నెండేళ్లు దాటాక, 1964లో 'పూజాఫలం'తో మళ్లీ కలిశారు. అందులో ఎస్. జానకి పాడిన పియానో పాట ఇప్పటికీ పోటీల్లో పిల్లలు పాడుతున్నారు. 'రంగులరాట్నం', 'బంగారు పంజరం' సినిమాలకు బి. గోపాలం కూడా కలిశారు. రెడ్డి గారి చివరి సినిమా 'బంగారు పంజరం'లో కృష్ణశాస్త్రి పాటలు మళ్లీ వినిపించాయి.

రెడ్డి గారికి 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. దక్షిణాది నుంచి ఆయనే మొదటివారు. 1977లో పోయారు. రాజేశ్వరరావు గారు 1999 వరకు ఉన్నారు. మీ తరం పాటల కోటి గారు ఆయన కుమారుడే.

'మల్లీశ్వరి' మూడు గంటల పైన ఉంటుంది, పిల్లలు ఒకేసారి కూర్చోరు. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఎడ్లబండి పాట నుంచి పల్లకీ వచ్చేదాకా వాళ్లతో కలిసి చూడండి. మేఘం పాట వచ్చేసరికి నాయనమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి.