కస్తూరిబా - ఆశ్రమ జీవితాన్ని మోసిన ఇల్లాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం గురించి వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు కస్తూరిబా గాంధీ. గాంధీగారి గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. ఆయన ఎంచుకున్న నిరాడంబర జీవితాన్ని వంటింటి వైపు నుంచి చూసిన మనిషి గురించి వ్రాసేవారు తక్కువ. నేను ముప్పైనాలుగు సంవత్సరాలు గుమస్తాగా పనిచేసినవాణ్ణి. పాండిత్యం లేదు. చదివినదీ, నా ఇంట్లో జరిగినదీ కలిపి మనవి చేస్తాను.

కస్తూరిబా 1869 ఏప్రిల్ 11న పోర్‌బందరులో ఒక వర్తక కుటుంబంలో పుట్టారు. భర్త కన్నా కొద్ది నెలలు పెద్ద. చిన్న వయసులోనే పెళ్ళి. బడి చదువు లేదు. తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. తరువాత హరిలాల్, మణిలాల్, రామదాస్, దేవదాస్ అని నలుగురు కొడుకులు.

1897 జనవరిలో ఆమె పిల్లలతో దక్షిణాఫ్రికాలోని దర్బనులో అడుగుపెట్టారు. బారిష్టరు గారి కుటుంబం హుందాగా కనిపించాలని పార్సీ పద్ధతి చీర, కాళ్ళకు బూట్లు, మేజోళ్ళు, భోజనానికి కత్తులు, ఫోర్కులు ఏర్పాటయ్యాయి. నిర్ణయం భర్తది. అలవాటు చేసుకోవడం ఆమె వంతు. కొన్నేళ్ళకు ఆయన మనసు మారింది. అవన్నీ పోయి సాదాతనం వచ్చింది. ఆ నిర్ణయమూ ఆయనదే.

ఆ దర్బను ఇంట్లోనే గాంధీగారి ఆఫీసు గుమస్తాలు కూడా ఉండేవారు. వారి గదులలోని మూత్రపాత్రలు ఇంటివారే శుభ్రం చేయాలని నియమం. ఒక గుమస్తా పాత్ర తీయడానికి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆయన కోపంతో రెక్క పట్టి గేటు దాకా లాగారు. పరాయి దేశంలో తానెక్కడికి పోవాలని ఆమె అడిగాక ఆయన సిగ్గుపడి గేటు మూశారు. ఈ సంగతి ఆయన తన ఆత్మకథలో దాచకుండా వ్రాసుకున్నారు. గుమస్తానైన నేను ఆ పేజీ మూడుసార్లు చదివాను.

1904లో రస్కిన్ పుస్తకం ఒకటి రైలులో చదివి, గాంధీగారు దర్బనుకు సుమారు 14 మైళ్ళ దూరంలో ఫీనిక్సు దగ్గర 100 ఎకరాలు కొన్నారు. వెల 1,000 పౌండ్లు. అక్కడ రేకుల ఇళ్ళు వేసి, పత్రిక అచ్చు యంత్రాన్ని తరలించి, ఎవరి తిండి వారు పండించుకోవాలని తలపెట్టారు. అటు ఫీనిక్సు మొదలైన రోజుల్లోనే ఇటు జొహాన్నెస్‌బర్గు ఇంట్లో బజారు రొట్టె మానేశారు. 7 పౌండ్లు పెట్టి ఇనుప తిరగలి కొన్నారు. ఒక్కరికి బరువు, ఇద్దరికి తేలిక. గాంధీగారు, పోలక్ అనే ఇంగ్లీషు మిత్రుడు, పిల్లలు కలిసి పిండి విసిరేవారు. మగవారు తిరగలి పట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అయితే కస్తూరిబా అప్పుడప్పుడే చేయి వేసేవారట. కారణం, అది ఆమె వంట మొదలుపెట్టే వేళ.

ఈ మాట చదివినప్పుడు నా సంగతి గుర్తుకొచ్చింది. 2009లో పదవీ విరమణ అయ్యాక, పట్నం మీద విసుగుతో మా ఊరి పెంకుటింటికి మకాం మార్చాను. పెరడు, ఆవు, కట్టెల పొయ్యి, రుబ్బురోలు పచ్చడి. ఆరోగ్యమని అందరికీ చెప్పేవాణ్ణి. మా ఇంటావిణ్ణి మాత్రం అడగలేదు. ఒకనాడు ఆఫీసు అలవాటు కొద్దీ ఇంటి పనుల పట్టిక వ్రాశాను. నా వరుసలో మొక్కలకు నీళ్ళు, పాలు పోసి రావడం. ఆమె వరుస పేజీ దాటి వెనక్కు తిరిగింది. నా ప్రశాంత జీవితం ఎవరి నడుము మీద నడుస్తోందో ఆ కాగితం చెప్పింది.

మళ్ళీ ఫీనిక్సుకు వద్దాం. 1906లో ఆమె పిల్లలతో అక్కడ కాపురం పెట్టారు. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పాలన్నది తండ్రి నిశ్చయం. పెద్దవాడు హరిలాల్‌కు తండ్రి లాగా విలాయతులో చదవాలని ఆశ. అది తీరలేదు. 1911లో ఇల్లు విడిచాడు. ఆ గాయం కడదాకా మానలేదు. తల్లి ఇద్దరి మధ్య నలిగింది.

అలాగని ఆమె నోరులేని మనిషి కాదు. 1901లో ప్రజలిచ్చిన నగలు తిరిగి ఇచ్చేస్తానన్నప్పుడు కోడళ్ళ కోసం వాదించారు. ఒక శస్త్రచికిత్స తరువాత ఉప్పు, పప్పు మానమని భర్త చెబితే, ముందు మీరు మానగలరా అని నిలదీశారు. ఆయన అక్కడికక్కడే ఏడాది పాటు మానేశారు. 1913లో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవన్నట్లు కోర్టు తీర్పు రాగానే ఆమె సత్యాగ్రహంలో దిగి మూడు నెలల కఠిన శిక్ష అనుభవించారు. మదరాసు రేవు నుంచి నాటాలు చెరకు తోటలకు వెళ్ళిన మన తెలుగు కూలీల కాపురాలకు కూడా ఆ తీర్పు ముప్పే.

1929లో, కానుకగా వచ్చిన కొద్ది రూపాయలు ఆశ్రమ ఖాతాకు జమకట్టలేదని గాంధీగారు పత్రికలోనే ఆమె తప్పు ప్రకటించారు. జీవితమంతా ఖాతాలు చూసినవాణ్ణయినా, ఆ తీర్పు నాకు కఠినంగానే తోస్తుంది. ఆమె ఆశ్రమం విడిచిపోలేదు. భర్త మొదలుపెట్టిన జీవితాన్ని తనదిగా చేసుకుని, వచ్చినవారందరికీ బా అయ్యారు. 1944 ఫిబ్రవరి 22న పుణేలో ఆగాఖాన్ భవనపు నిర్బంధంలో, భర్త ఒడిలో కన్నుమూశారు. ఆయన వడికిన నూలు చీరతోనే సాగనంపారు.

నేడు మన మండలాల్లో బడి మానేసిన ఆడపిల్లల కోసం నడిచే విద్యాలయాలకు ఆమె పేరే ఉంది. బడి గడప తొక్కని తల్లికి అంతకంటె తగిన స్మారకం నాకు తోచదు.

మా ఇంటి మాట చెప్పి ముగిస్తాను. పట్టిక వ్రాసిన మర్నాడు ఇంటావిడను కూర్చోబెట్టి అడిగాను. ఆవును తమ్ముడి కొడుక్కు అప్పగించాం. గ్యాసు, గ్రైండరు వచ్చాయి. పెరడు మాత్రం ఉంచుదామని ఆవిడే అన్నది. ఇప్పుడు కూరలు తరగడం, అంట్లు తోమడం నా వరుసలో ఉన్నాయి. పల్లెకు పోయి నెమ్మదిగా బ్రతకాలనుకునే తోటి పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. స్థలం చూసుకునే ముందు, పట్టిక వ్రాసి ఇంటావిడ చేతికివ్వండి.